బొంబాయి నుంచి మూడు గంటలు

మా అప్పకు నాన్న ముఖం చూపించకుండా కాల్చేశారు. ఆలస్యం ఆమెది కాదు. తప్పు లెక్క మా పెదనాన్నది. ఈ మాట ఊళ్లో అందరి ముందూ అన్నాను, ఇప్పుడు రాస్తున్నాను.

అరవయ్యో దశకం చివర. మాది బొబ్బిలి దగ్గర పల్లె. నాన్న సాయంత్రం పోయాడు. అప్ప, అంటే మా అక్క, పెళ్లయి బొంబాయిలో ఉండేది, బావకు అక్కడ మిల్లులో పని. తంతి కొట్టించాం. పొద్దున్నే తిరుగు తంతి వచ్చింది: విమానంలో వస్తున్నాను, ఉంచండి. చేతిగాజులు అమ్మి టిక్కెట్టు కొన్నదని తరవాత తెలిసింది.

మా వైపు శవం లేవందే వీధిలో ఎవరి పొయ్యీ వెలగదు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పెదనాన్న బడిలోని పటం తెప్పించి, బొంబాయి నుంచి బొబ్బిలికి జానతో కొలిచాడు.

"రైలుకైతే రెండ్రోజులు. ఇమానానికి మూడు గంటలు సాలు. మజ్జానానికి గుమ్మంలో ఉంటాది."

మధ్యాహ్నం ఆకాశంలో మోత వినిపించింది. వీధంతా బయటికొచ్చి తలెత్తింది.

"అదిగో, మీ అప్ప ఎల్తన్నాది!" అని ఒక ముసలమ్మ చెయ్యి కూడా ఊపింది.

ఇక పెదనాన్న లెక్క అక్కడి నుంచి మొదలు. విశాఖపట్నంలో దిగి బస్సెక్కితే పొద్దు వాలేలోగా రావాలి. రాలేదు.

"ఆ పిల్ల ఎక్కనేదురా. ఎక్కితే ఈపాటికి రాదేటి?"

"పెదనానా, మజ్జానం ఇమానం కలకత్తా ఏపు నుండి వచ్చింది. బొంబాయిది అలగ రాదు. హైదరాబాదులో దిగి ఇంకోటెక్కాలని తంతాఫీసు గుమస్తా సెప్పినాడు. అప్ప రేపొస్తాది," అన్నాను.

"అయిదో కలాసు తప్పినోడివి, నాకు దారి సెప్తావేటిరా? వీధి వీధంతా పస్తున్నాది!"

నేను కాళ్ల వైపు పాడె కర్ర పట్టుకుని కూర్చుండిపోయాను. నలుగురు కలిసి నా వేళ్లు విడదీసి, పాడె లేపారు.

మర్నాడు ఎండెక్కేసరికి అప్ప పొలం గట్ల మీద పరిగెత్తుకుంటూ వచ్చింది. హైదరాబాదులో రెండో విమానం కోసం పగలంతా కూర్చోబెట్టారట. విశాఖపట్నంలో దిగేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోయిందట. బూడిద ఇంకా వేడిగానే ఉంది.

"ఒక్క రాత్తిరి ఆగలేకపోనారేటిరా?" అంది.

జవాబు చెప్పాల్సినవాడు అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు.

ఆ తరవాతే నేను చదువు మొదలెట్టాను. బొబ్బిలి గ్రంథాలయంలో కూర్చుని పటాలు, రైలు వేళలు, విమానాల దారులు. ఎవరూ నేర్పలేదు, కోపం నేర్పింది. విమానం ఆకాశంలో ఉండే సేపు వేరు, కూతురు గుమ్మం చేరే సేపు వేరు. ఏటేటా నాన్న తద్దినం నాడు విస్తళ్లు వేశాక అందరి ముందూ అడిగేవాణ్ణి:

"పెదనానా, మా అప్ప ఎంతసేపట్లో వస్తాదని లెక్కేసినావు?"

పెద్దవాడితో అవేం మాటలని బంధువులు తిట్టారు. ఒక ఏడు ఆయన విస్తరి ముందు నుంచి లేచి పోయాడు. మరుసటేడు మళ్లీ పిలిచాను. మళ్లీ అడిగాను.

చివరికి ఆయన మంచం పట్టాడు. ఒక్కగానొక్క కూతురు అప్పటికి ఢిల్లీలో కాపురం. చూడ్డానికి వెళ్లినవాణ్ణి జాలిపడలేదు, నిలబడే అదే ప్రశ్న అడిగాను. గోడవైపు పడుకున్నవాడు ఇటు తిరిగి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే, నా కూతురొచ్చే వరకూ నన్ను లేపనీకు. ఆళ్లు లేపడానికొస్తే, నువ్వు పాడె కర్ర ఒగ్గేయకు."