సత్తయ్య సార్ రాసిపెట్టిన కారణాలు

మన నేతవాళ్ళు వలస వచ్చి స్థిరపడ్డ లింబాయత్ సందుల్లో షేర్ ఆటో వెళ్తుంటే మరమగ్గాల చప్పుడుకి చెవులు గింగుర్లెత్తుతాయి. ఆ చప్పుడులో పెరిగినందుకే కాబోలు, సత్తయ్య సార్ మామూలు మాట కూడా కేకేసినట్టే అనేవారు. మా బ్యాంకు లెక్కలన్నీ నడిపే పెద్ద కంప్యూటర్, మెయిన్‌ఫ్రేమ్‌లో ఏ ఫైలు ఎక్కడ, ఎన్నాళ్ళు ఉండాలో చూసే విభాగానికి ఆయన పెద్ద. విజయవాడ నుంచి వచ్చి నేను ఆయన దగ్గర చేరాను.

అక్కడ ఫైళ్ళను మనుషులు ఒక్కొక్కటిగా ఏరరు. పేరును బట్టి ఏది డిస్కులో ఉండాలో, ఏది టేపుకు వెళ్ళాలో, ఏది చెరిగిపోవాలో నియమం రాసిపెడితే మిగతాది మెషీనే చూసుకుంటుంది. మొదటి వారంలోనే ఒక నియమం టకటకా రాసి చూపించాను.

"ఈ ఫైళ్ళు ఎవరివో వాళ్ళని అడిగినవా బిడ్డా?"

"మూడు నెలలుగా ఎవరూ తెరవలేదు సార్."

"తెరవకుంటే అక్కర లేనట్టా? జర ఫోన్ చేసి అడుగు. డిస్క్ నిండితే ఇంకోటి తెచ్చుకుంటం. పోయిన ఫైలు మల్ల యాడ దొరుకుతది?"

నాకు ఒళ్ళు మండింది. ఫోన్లు చేసుకుంటూ కూర్చోవడానికా ఇంత చదివింది అనుకున్నాను. సార్ మాత్రం రోజూ భోజనం కాగానే ఏదో టైపు చేసుకునేవారు. అడిగితే, "ఏ రూల్ ఎందుకు పెట్టిన్నో రాస్తున్న. నేను రిటైరైనంక నీకే పనికొస్తది" అన్నారు.

కరోనా రెండో ఏడు ఆయన ఆసుపత్రిలో చేరారు. ఇంటి నుంచే చేయాల్సిన పనంతా నా మీద పడింది, డిస్కులేమో నిండిపోతున్నాయి. తాత్కాలిక ఫైళ్ళను ముప్పై రోజులు ఎవరూ తెరవకపోతే చెరిపేసే నియమం ఒకటి ఉంది. అందులో ఒక్క ఫైలును మాత్రం ముట్టుకోవద్దని ఒక పాత వరుస కనిపించింది. ఆ ఫైలు ఎవరిదో పేరును బట్టి తెలియలేదు. అడగాలంటే సార్‌నే అడగాలి, ఆయన ఆసుపత్రిలో చేరి నెల దాటినా ఇంకా ఆక్సిజన్ మీదే ఉన్నారు. అడ్డమనుకుని ఆ వరుస తీసేశాను. ఆ ఆదివారం మెషీన్ తన పని తాను చేసుకుపోయింది. తాత్కాలిక ఫైళ్ళకు బ్యాకప్ కూడా ఉండదు.

ఆయన ఇంటికి వచ్చాక ఫోన్ చేశారు. గొంతు పీలగా ఉంది.

"గిట్లెట్లయింది బిడ్డా, నేను రాసుకున్నది కనవడ్తలేదు. ఎన్నో ఏండ్ల కింద ఆ తాత్కాలిక జాగలనే మొదలువెట్టిన. పోకుండ రూల్ల ఒక లైన్ గూడ రాసిన."

ఆ క్షణంలోనే నాకంతా అర్థమైంది. అయినా, "చూసి చెప్తాను సార్" అని ఫోన్ పెట్టేశాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను? రేపు, రేపు అనుకుంటూ పన్నెండు రోజులు గడిపాను. పదమూడో రోజు మళ్ళీ ఊపిరి అందక ఆయన పోయారు. నిజం చెప్పి ఉంటే తిట్టేవారు. తిట్టి, గుర్తున్నంత మేరకు మళ్ళీ చెప్పేవారు, నేను రాసుకునేదాన్ని. నా పరువు చూసుకుని అదీ పోగొట్టాను.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. మొన్న కొత్తగా బదిలీ అయి వచ్చినావిడ ఒక నియమం చూపించి, ఇదెందుకు పెట్టారని అడిగింది. తెలియదన్నాను. "మరి ఎవరికి తెలుసు మేడమ్?" అంది. తెలిసిన మనిషి పన్నెండు రోజులు ఇంట్లోనే ఉన్నారనీ, నేను సిగ్గుపడి కూర్చున్నాననీ ఆవిడకు చెప్పలేకపోయాను.