సత్యానందం గారి మడి కంప్యూటర్

సత్యానందం గారికి ఒక్కటే పిచ్చి. ఆయన ల్యాప్‌టాప్‌ని ఎవరైనా ముట్టుకోవాలంటే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి, ఆయనిచ్చిన తువ్వాలుతో తుడుచుకోవాలి, ఆ తర్వాత వేళ్లు చాపి ఆయనకి చూపించాలి. నేను మడీ ఆచారాల ఇంట్లో పుట్టినవాణ్ణి. మా బామ్మ ఆరేసిన మడిబట్టని కర్రతో తీసుకోవడం చూస్తూ పెరిగాను. ఆవిడే గనక బతికుంటే సత్యానందం గారి దగ్గర శిష్యరికానికి చేరిపోయేదని నా గట్టి నమ్మకం.

కైకలూరు అవతల, కొల్లేటి ఒడ్డున ఒక హైస్కూల్లో మేమిద్దరం పనిచేసేవాళ్లం. ఆయన సైన్సు, నేను తెలుగు. రోజూ ఏలూరు నుంచి ఒకే బస్సులో వెళ్లి ఒకే బస్సులో వచ్చేవాళ్లం. రెండువేల అయిదులో ఆయన హైదరాబాదు వెళ్లి ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనుక్కొచ్చారు. అప్పటికి మేం చూసిన కంప్యూటరంటే పాత టీవీ అంత లావుండి, బల్లంతా ఆక్రమించేదే. ఈయన స్టాఫ్‌రూమ్‌లో దాన్ని పుస్తకం తెరిచినట్టు తెరిచేసరికి అందరం నోళ్లు వెళ్లబెట్టాం. నిజం చెప్పొద్దూ, నాకైతే ఒళ్లు గగుర్పొడిచింది. దగ్గరికెళ్లి మెల్లిగా వేలు చాపాను.

"ఆగండి పట్టాభి గారూ. చేతులు కడుక్కున్నారా?"

"పొద్దున్నే స్నానం చేశానండీ. సంధ్యావందనం కూడా అయింది."

"అది దేవుడికండీ. దీనికి వేరే."

బస్సులో ఆయన దాన్ని పైన అరలో పెట్టరు, కింద పెట్టరు. రెండు చేతులా ఎత్తుకుని, పురిటి బిడ్డకి తల కింద చెయ్యి వేసినట్టు వేసి కూర్చుంటారు. కండక్టరుకి రోజూ ఒకటే హాస్యం.

"ఏవండీ మాస్టారూ, బాబుకి టిక్కెట్టు కొట్టమంటారా?"

"టిక్కెట్టు సంగతి తర్వాతండి. ముందు గోతుల దగ్గర నెమ్మదిగా పోనివ్వమని డ్రైవరు గారికి చెప్పండి."

ల్యాప్‌టాప్ అంటే ఒళ్లో పెట్టుకునేదని నేనెక్కడో చదివాను. ఆ మాటే ఆయనతో అంటే చెవులు మూసుకున్నారు. "ఒళ్లో వద్దండీ, పరుపు మీద అసలే వద్దు. దానికి ముక్కు అడుగున ఉంటుంది. ఊపిరాడకపోతే వేడెక్కిపోతుంది" అన్నారు. అందుకని వడ్రంగి ఏడుకొండలు చేత టేకు చెక్కతో ఒక చిన్న పీట చేయించారు, గాలి ఆడడానికి కన్నాలతో సహా. పీట అంటే పెళ్లికేమో అనుకుని ఏడుకొండలు నాలుగు మూలలా పువ్వులు చెక్కి, పసుపు కూడా రాసి తెచ్చాడు. సత్యానందం గారు పసుపు తుడిపించారు గానీ పువ్వులు పోవుగా. పిల్లలు దానికి పెళ్లిపీట అని పేరు పెట్టారు. ఆయన చంకలో పీట పెట్టుకుని బయల్దేరారంటే "ముహూర్తం ఎన్నింటికండీ?" అని నేను అడక్కుండా ఉండలేకపోయేవాణ్ణి.

మా హెడ్‌మిస్ట్రెస్ వీరరాఘవమ్మ గారంటే డీఈఓ ఆఫీసులో కూడా హడలు. ఒకరోజు ఆవిడ ఏదో లెటరు టైపు చేయాలని నేరుగా పీట దగ్గరికి వచ్చేశారు. ఈయన లేచి అడ్డం నిలబడ్డారు.

"గోళ్లు ఒకసారి చూపించండి మేడమ్."

"నేను హెడ్‌మిస్ట్రెస్‌నండీ!"

"గోళ్లకి హోదా తెలీదండి."

స్టాఫంతా తలలెత్తి చూశాం. ఆవిడ ఆయన్ని పైనుంచి కిందకి ఒకసారి చూసి, పంపు దగ్గరికి నడిచారు. ఆ రోజు నుంచీ ఆయన మీద నాకు భక్తి కుదిరింది.

ఇక కాఫీకీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఎప్పుడూ నాలుగు బారల దూరం ఉండాలి. ఆయన మా ఇంటికొచ్చినప్పుడు మా ఆవిడ ఉమాకుమారి కాఫీ తెస్తే, గ్లాసు తీసుకుని వీధి అరుగు మీదికి వెళ్లి తాగి, మూతి తుడుచుకుని మళ్లీ లోపలికి వచ్చేవారు. మా ఆవిడ నొచ్చుకుంది. "ఏవండీ, మన కాఫీ అంత వీధిలో పారబోసేలా ఉందా?" అని రెండు రోజులు నన్ను సాధించింది.

ఉరుమంటే ఆయనకి ప్రాణం పోయేది. మబ్బు గణపవరం మీద ఉండగానే ఇక్కడ ప్లగ్గు పీకేసేవారు. ఆపేటప్పుడు బటన్ నొక్కి పట్టుకుని గొంతు నులిమినట్టు ఆపకూడదు, పద్ధతిగా చెప్పి ఆపాలి. అన్నిటికీ మించి, అందులో ఉన్న ప్రతిదీ మూడు సీడీల్లోకి ఎక్కించాలి. ఒకటి స్కూలు బీరువాలో, ఒకటి ఏలూరులో ఆయనింట్లో, మూడోది తాడేపల్లిగూడెంలో వాళ్ల చెల్లెలు ఎలిజబెత్ గారి దగ్గర. ఆ సీడీ ఇచ్చి రావడానికే నెలకో శనివారం గూడెం వెళ్లేవారు.

"ఏముంటాయండీ వాటిల్లో, అంత భద్రం?" అని అడిగాను.

"పాఠాలండీ" అన్నారు, ఎటో చూస్తూ.

ఒకవేళ ఊళ్లోకి వరదొచ్చినా, నిప్పంటుకున్నా, దొంగలు పడ్డా న్యూటన్ సూత్రాలు మాత్రం గూడెంలో క్షేమంగా ఉంటాయన్నమాట. ఈ మాట చెప్పి స్టాఫ్‌రూమ్‌ని చాలాకాలం నవ్వించాను.

ఆ ల్యాప్‌టాప్‌కి ఒకసారి నిజంగానే ప్రాణం మీదికి వచ్చింది. కైకలూరులో బుల్లిరాజు గారని ఐసు ఫ్యాక్టరీ ఆసామి ఉన్నారు. చేపల చెరువుల గురించి ఏదో చూపించమంటే సత్యానందం గారు నన్ను తోడు తీసుకుని ఆయన ఫ్యాక్టరీకి వెళ్లి, పీట వేసి, యంత్రం పెట్టి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లారు. ఈలోగా బుల్లిరాజు గారు దాని మీద చెయ్యి వేసి చూస్తే వెచ్చగా తగిలింది. ఆయన పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేసే పనే చేశారు. ఐసు దిమ్మ మీద గోనె పరిచి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి, పైన ఇంకో గోనె కప్పారు.

సత్యానందం గారు తిరిగొచ్చి ఖాళీ పీట చూశారు.

"ఇక్కడున్నదేదండీ?"

"కంగారు పడకండి మాస్టారూ. జ్వరం వచ్చినట్టు కాలిపోతందండి. వేడెక్కితే ఏదైనా పాడైపోద్ది కదండీ, ఐసులో వేశాను. సాయంత్రం దాకా ఢోకా లేదు."

నేనూ ఆయన వెంటే పెరట్లోంచి వచ్చాను. ఇవాళ ఈ స్నేహం చెడిందనుకున్నాను. సత్యానందం గారు మాత్రం ముందు యంత్రం సంగతి చూశారు. గోనె తీసి, దాన్ని ఆపి, బ్యాటరీ ఊడదీసి, పొడిబట్టతో ఒత్తి ఇంటికి తీసుకెళ్లారు. తెరిచి, గుడారంలా బోర్లించి, ఫ్యాను గాలికి ఆరబెట్టి మూడు రోజులు సెలవు పెట్టారు. వీరరాఘవమ్మ గారు పరామర్శకి వచ్చి బియ్యం బస్తాలో పెట్టమన్నారు. "గింజ లోపలికి పోతే మళ్లీ దానికో ఆపరేషనండి" అన్నారాయన. బుల్లిరాజు గారు పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి గుమ్మంలో నిలబడి "ఎలా ఉందండీ?" అని గొంతు తగ్గించి అడిగేవారు.

"ఒక్కసారి స్విచ్ వేసి చూద్దామండీ" అన్నాను నేను, ఉండబట్టలేక.

"తడిసింది చావదండీ. తడి ఆరకుండా స్విచ్ వేస్తే చస్తుంది."

నాలుగో రోజు స్విచ్ వేశారు. తెర వెలిగింది. బుల్లిరాజు గారు దానికి దణ్ణం పెట్టేశారు. నేనూ పెట్టాను, ఎందుకు పెట్టానో తెలీదు.

రెండువేల ఎనిమిది కార్తీకంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు గాలీవానా. స్తంభాలు పడిపోయి చుట్టుపక్కల ఎక్కడా కరెంటు లేదు. మూడో రోజు మధ్యాహ్నం స్కూలుకి యేసమ్మ, కూతురు హెప్సిబాని వెంటబెట్టుకుని పరుగున వచ్చింది. యేసమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేస్తుంది. హెప్సిబా మా దగ్గరే పది చదివి, కైకలూరులో ఇంటరు పూర్తి చేసింది. ఒక నర్సింగ్ స్కూలుకి దరఖాస్తు పంపాలి. ఇంటర్నెట్‌లోనే పంపాలి, మార్కుల లిస్టులు జతచేయాలి. గడువు ఆ సాయంత్రం అయిదు గంటలు. నెట్ సెంటర్లన్నీ చీకటి.

"అదొక్కటే అయితే ఏడవనండి" అంటూ యేసమ్మ గుమ్మంలోనే నిలబడి ప్లాస్టిక్ కవరు విప్పింది. రేకుపెట్టెలోకి నీళ్లు చేరి కాగితాలన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోయాయి. "ఈ ఏడు తప్పిపోతే మా ఆయనా వాళ్లూ ఇంక ఆగరండి. తీసుకొచ్చి నా పక్కన షెడ్డులో కూచోబెడతారు."

హెప్సిబా తలెత్తలేదు. సత్యానందం గారు పీట వేశారు.

రేడియోలో తుఫాను కబురు వినగానే ఆయన బ్యాటరీ నిండా చార్జింగు పెట్టి, ఊడదీసి, గుడ్డలో చుట్టి దాచారట. యంత్రం లేచింది. ఆయన ఒక చోట నొక్కగానే తెర మీద పేర్లు బారులు తీరాయి. చిట్టిబాబు, బ్లెస్సీ, ఉదయ్‌కిరణ్, సుకుమార్... లంక గ్రామాల నుంచి మా స్కూలుకి వచ్చి చదివిన పిల్లలందరూ, రెండువందల పైచిలుకు. హెప్సిబా పేరు మీద నొక్కితే పదో తరగతి మార్కుల లిస్టు, ఇంటరు మార్కుల లిస్టు, బర్త్ సర్టిఫికెట్టు, అన్నీ పొడిగా, శుభ్రంగా కనబడ్డాయి.

"పాఠాలన్నారు కదండీ!" అన్నాను.

"వీళ్ల ఇళ్లు ఏటా నీళ్లలో మునుగుతాయి మాస్టారూ. కాగితాలు ఎక్కడ దాచుకుంటారు? మార్కుల లిస్టు వచ్చిన రోజే తెమ్మని, ఏలూరులో స్కాన్ చేయించి ఇందులో పెట్టాను. అసలువి పోయినా, నంబర్లుంటే బోర్డుకి రాసి తెప్పించుకోవచ్చు."

"మాకు చెప్తే మేమూ ఓ చెయ్యి వేసేవాళ్లం కదండీ?"

"మీ చేత ఆ చేతులు కడిగించడానికే నాకు మూడేళ్లు పట్టిందండీ."

మూడేళ్లు నేను నవ్వించిన నవ్వులన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటర్నెట్ ఉన్న సెల్‌ఫోను ఆ చుట్టుపక్కల బుల్లిరాజు గారికే ఉంది. కబురు పెడితే ఆయన మోటారు సైకిలు మీద వచ్చి, ఫోనుకి తీగ తగిలించాక, సిగ్నలు కోసం బెంచీ ఎక్కి చెయ్యి పైకెత్తి నిలబడ్డారు. "దించకండి" అన్నారు సత్యానందం గారు. ఆయన ముప్పావుగంట దించలేదు. "ఐసు పాపం ఇలా తీరుతుందంటే రాత్రి దాకా ఉంటానండి" అన్నారు. హెప్సిబా ఒక్కొక్క గడీ నింపుతోంది. నాలుగూ నలభై. బ్యాటరీలో ఎనిమిది శాతం మిగిలింది. ఇంక పంపడమే తరువాయి.

"యేసమ్మా, ఇలా రా. ఈ మీట నువ్వే నొక్కాలి" అన్నారు సత్యానందం గారు.

షెడ్డులోంచి తిన్నగా వచ్చిన మనిషి, గుమ్మం దాటి లోపలికి రాలేదు. "నా చేతులు నీసండి సార్. కడుక్కుందామంటే పంపులో నీళ్లు కూడా లేవండి."

నేను అలవాటు కొద్దీ సబ్బుపెట్టె, తువ్వాలు తీసి పట్టుకున్నాను. సత్యానందం గారు నా చేతిలోంచి సబ్బుపెట్టె తీసుకుని జేబులో వేసుకున్నారు.

"అక్కర్లేదమ్మా. ఇంతవరకూ చదివించిన చేతులే కదా. రా."

యేసమ్మ కొంగుకి చెయ్యి తుడుచుకుంది. నిద్రపోతున్న పిల్ల బుగ్గ ముట్టుకున్నట్టు ఒక్క వేలితో నొక్కింది. తెర కాసేపు ఆలోచించి, ఒక నంబరు చూపించింది. హెప్సిబా దాన్ని అరచేతిలో రాసుకుంది. బుల్లిరాజు గారు చెయ్యి దించారు. అంత గొప్ప దృశ్యం నా సర్వీసులో నేను చూడలేదు.

ల్యాప్‌టాప్ వారం రోజులు రొయ్యల వాసన కొట్టింది. బస్సులో కండక్టరు ముక్కు మూసుకుని "ఏవండీ, బాబు ఏం తిన్నాడు?" అని అడిగాడు. సత్యానందం గారు మురిసిపోతూ నవ్వారు. పనిలో పనిగా నేనూ వేలు చాపాను.

"చేతులు కడుక్కున్నారా పట్టాభి గారూ?"

"అదేంటండీ, మడి వదిలేశారనుకున్నాను!"

"మీకు పంపులో నీళ్లున్నాయి కదండీ."

హెప్సిబాకి సీటు వచ్చింది. మరుసటేడు మా స్కూల్లో వైద్యశిబిరం పెడితే తెల్లటి యూనిఫామ్‌లో వచ్చింది. సత్యానందం గారు పట్టలేని సంతోషంతో సాయం చేద్దామని వెళ్లి, ఆమె ముందున్న ట్రేలో దూది తీయబోయారు.

"ఆగండి సార్. చేతులు కడుక్కున్నారా?"

"నేను మీ సారునమ్మా!"

"గోళ్లకి హోదా తెలీదండి."

స్టాఫంతా చూస్తుండగా సత్యానందం గారు మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, హెప్సిబా ముందు వేళ్లు చాపి నిలబడ్డారు. తువ్వాలు మాత్రం నేనే అందించాను.