మామ ఒడి కోసం ఏడేళ్లు బోసి చెవులతో

మా చిన్నప్పుడు... సిరిసిల్లలో మా వాడకు తెల్లారేది సాంచాల చప్పుడుతోనే. నాన్న ఆ మరమగ్గాల మీదే పని చేసేవాడు. అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని వాకిట్లో బీడీలు చుట్టేది. నేను పక్కన కూర్చుని తడిపిన తునికాకు అందిస్తూ రోజూ ఒకటే అడిగేదాన్ని...

"అమ్మా, నాకు చెవులు ఎప్పుడు కుట్టిస్తవ్?"

"మీ మామ రానీ బిడ్డా."

ఆ మామ ఏడేళ్లు రాలేదు.

మా ఇళ్లల్లో పిల్లలకు చెవులు కుట్టించేది మేనమామ ఒళ్లో కూర్చోబెట్టే. మామూలుగా ఏడాది నిండేలోపే అయిపోతుంది. మా మామది కోరుట్ల. ఆయన పెళ్లినాటికి నాకు మూడు నెలలట. ఆ పెళ్లిలో అల్లుళ్లకు బట్టలు పెట్టేటప్పుడు, పెద్దల్లుడైన మా నాన్న కంటే ముందు చిన్నల్లుడికి పెట్టారట. అంతే... నాన్న అన్నం కూడా తినకుండా లేచొచ్చి బస్సెక్కాడు.

"వాడు నా గడప తొక్కద్దు" అని నాన్న. "బావ అచ్చి పిలిస్తెనే పోత" అని కోరుట్లలో మామ.

ఒక జత బట్టలు ఎవరికి ముందు, ఎవరికి వెనక... దానికి నా చెవులు ఆగిపోయాయి. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అమ్మ ఒక్కతే బస్సులో కోరుట్ల పోయి తమ్ముణ్ని బతిమాలేది. తిరిగొచ్చి మొగుణ్ని బతిమాలేది. ఇద్దరూ ఆమె మీదే అరిచేవాళ్లు. ఒకరి మీద ఒకరు అరుచుకోవడానికి మాత్రం ఎదురుపడేవాళ్లు కారు...

రెండో తరగతిలో మా బడిలో డ్యాన్స్ పెట్టారు. ఆడపిల్లలందరికీ బుట్టకమ్మలు ఉండాలన్నారు. అమ్మ పక్కింట్లో అడిగి తెచ్చి, నల్లదారంతో నా చెవులకు చుట్టి కట్టింది. పాట సగంలో ఉండగా ఒకటి ఊడి పడింది. నేను వంగి ఏరుకుంటుంటే ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్లే నవ్వారు.

"ఏడేండ్ల పోరికి ఇంక చెవులే కుట్టియ్యలేదు సూడు" అంది ఒకామె, నాకు వినబడేలాగే.

ఇంటికొచ్చి ఏడవలేదు. బీడీలు చుడుతున్న అమ్మ ముందు కూర్చుని అడిగాను.

"మామ లేనోళ్లకు ఎట్ల కుట్టిస్తరే?"

"వరుసకు మామ అయ్యేటోళ్ల ఒడిల కూసోవెడ్తరు."

"మరి నన్ను గట్ల ఎందుకు కూసోవెట్టవు?"

"సొంత మామ ఉండంగ ఇంకొకరి ఒడిల కుట్టిస్తె మామకు మంచిది గాదంటరు బిడ్డా."

"నాకు మంచిది గాకున్నా నడుస్తదా?"

అమ్మ చేతులు ఆగిపోయాయి.

మర్నాడు పొద్దున నాన్న పనికి పోగానే, నాకు తలస్నానం చేయించి, బజార్లో బంగారం పని చేసే అవుసులాయన దుకాణానికి తీసుకుపోయింది. ఆయన ముసలాయన. బంగారు తీగె పోగులు తీస్తూ అడిగాడు.

"మేనమామ ఏడమ్మా?"

"రాలేదు. నా ఒడిల కూసుంటది. కుట్టు కాకా."

"తల్లి ఒడిల కుట్టంగ నేనైతె సూడలే. రేపు మీ తమ్మునికి ఏమన్నైతె నన్నంటరు బిడ్డా."

"అయితె గానియ్యి. కుట్టు."

ఆయన అమ్మ మొహం వైపు ఒక్కసారి చూశాడు. పోగు చేతిలోకి తీసుకున్నాడు. అమ్మ నా తలను గుండెకు అదుముకుని పట్టుకుంది... నేను ఎంత అరిచానో గుర్తులేదు కానీ, రెండో చెవి అయ్యేదాకా అమ్మ పట్టు సడలించకపోవడం మాత్రం బాగా గుర్తుంది.

"నా ఇజ్జత్ తీసినవ్" అని నాన్న పది రోజులు అమ్మతో మాట్లాడలేదు. "అక్క నా సావు కోరింది" అని కోరుట్ల నుంచి మామ కబురంపాడు.

మరుసటి ఏడు రాయికల్ దగ్గర మామ బండి మీద నుంచి పడ్డాడు. కాలు విరిగింది. చుట్టాలందరి చూపూ నా చెవుల మీదే. పండ్లు పట్టుకుని అమ్మ జగిత్యాల దవాఖానకు పోతే, మామ గోడవైపు తిరిగి పడుకున్నాడు. తమ్ముడు మళ్లీ నడిచేదాకా ఆమె ఒక పూటే తిన్నది.

నా వల్లే అయిందనుకుని నేను పోగులు పీక్కోబోయాను. అమ్మ చెంప మీద కొట్టింది. నన్ను కొట్టింది ఆ ఒక్కసారే.

"తియ్యకు. నీ తప్పు గాదు" అంది. నాది కాదన్నది కానీ, తనది కూడా కాదని ఆమెకు చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు...

పోయినేడు ఒక చుట్టాల పెళ్లిలో మామ "రా బావా, కూసో" అన్నాడు. నాన్న పోయి కూర్చున్నాడు. అంత సులువు. ముప్పై ఏళ్ల పంతం ఒక్క మాటతో పోయింది.

మొన్న మామ మనవరాలికి చెవులు కుట్టిస్తుంటే అందరం కోరుట్ల పోయాం. భోజనాల దగ్గర నాన్న పక్కనే కూర్చుని మామ అందరికీ చెబుతున్నాడు. "మా అక్క ఉత్త మొండిది. నేను రాలేదని బిడ్డ చెవులు తనే కుట్టిచ్చుకున్నది." పంక్తంతా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. వాళ్లిద్దరికీ నీళ్లు పోస్తూ అమ్మ కూడా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు.

"మొండిది అమ్మ గాదు మామా. మీరిద్దరు. నీ కాలు ఇరిగితె ఉపాసం ఉన్నది గూడ ఆమెనే. ఇయ్యాల్టిదాక ఒక్కలన్న ఆమెకు మా తప్పే అని చెప్పిన్రా?"

నాన్న తల దించుకుని అన్నం కలుపుతూ ఉండిపోయాడు. మామ మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. "పోనియ్యి బిడ్డా" అని అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. వాళ్లు మాత్రం చెప్పలేదు... ఇంతవరకూ చెప్పలేదు.

ఇప్పుడు జగిత్యాలలో దుకాణాలకు పోతే మిషన్‌తో రెండు నిమిషాల్లో కుట్టేస్తున్నారు. ఎవరి ఒడి అని అడిగేవాళ్లు లేరు. మంచిదే అయింది. అలిగేవాళ్లు మాత్రం తగ్గలేదు... ఆ అలకల మధ్య అటూ ఇటూ బస్సులెక్కేవాళ్లూ తగ్గలేదు.

పెద్దవాళ్ల పంతం వల్ల చిన్నప్పుడు మీకు ఆగిపోయింది ఏదైనా ఉంటే కింద రాయండి. ఎంత చిన్నదైనా సరే... నేను నవ్వను.