తడి పళ్లెం

పళ్లెం తళతళలాడితే లోకమంతా శుభ్రంగా ఉందని నమ్మేసిన తెలివితక్కువవాణ్ణి నేను. ఆ నమ్మకానికి మా ఇంటి ఎర్ర తివాచీ బలైంది. కిందటి నెల కాఫీ గ్లాసుతో డాబా మెట్లెక్కుతుంటే తడి ఉన్ని వాసన తగిలి, పదేళ్ల వయసులో నేను వెలగబెట్టిన ఆ ఘనకార్యం మళ్లీ కళ్లముందు నిలబడింది.

మల్కాపురంలో ఇదే డాబా, ఇదే పిట్టగోడ, అప్పట్లో ఇల్లంతటికీ ఒక్కటే తివాచీ. పాత ఓడ సామాను అమ్మేచోట కొని, నాన్న భుజాన మోసుకొచ్చాడు. వానలు వెనకపట్టి, వీధిలో దసరా పందిరికి రాటలు పాతే రోజుల్లో అమ్మ దాన్ని డాబా మీద పరిచి, కుంకుడు పులుసు పోసి, పిల్లలందర్నీ తొక్కమనేది. మేం నురగలో జారుతూ, కళ్లు మండి ఏడుస్తూ, ఏడుస్తూనే నవ్వుతూ తొక్కితే ఎర్రనీళ్లు తూములోంచి వీధిలోకి దూకేవి. ఉడకబెట్టిన వేరుశనగకాయలు, బెల్లంముక్క మాకు కూలి. పందిట్లో అమ్మవారి పీట కింద పరిచేది ఆ తివాచీయే మరి. అమ్మ పైకి అనేది కాదు గానీ, హారతి వేళ అందరూ దేవి ముఖం చూస్తుంటే ఆవిడ చూపు కాసేపు పీట కిందకి వాలేది.

తొక్కడం ఆటే, ఆరబెట్టడమే అసలు పని. ఆరబెట్టడమంటే మా పేటలో గాలి ఆరా తీయడం. కొండ వైపు నుంచి వీస్తే బెంగలేదు. బొగ్గు దింపే ఓడల వైపు నుంచి మళ్లిందంటే కంటికి ఆనని బొగ్గుపొడి వచ్చి తడిబట్టని పట్టుకునేది, ఇక వదిలేది కాదు. అందుకని పిట్టగోడ మీద స్టీలు పళ్లెం తడిపి పెట్టి, ఉండుండి వేలితో రాసి చూడాలి. ఆరిపోతే మళ్లీ తడపాలి. వేలు నల్లబడితే వెంటనే తివాచీ ముఖం లోపలికి మడిచెయ్యాలి. గాలికి కళ్లెం లేకపోయినా మాకు పళ్లెం ఉండేది.

ఆ ఏడు పళ్లెం కాపలా నాది. పద్మనాభం అనే పల్లె నుంచి సెలవులకొచ్చిన మా మేనత్త కొడుకు అప్పారావు బావ, నేనూ మెట్లగది నీడలో గోళీలాటలో పడ్డాం. పళ్లెం ఎండకి ఎప్పుడో ఆరిపోయింది. నేను మాత్రం మధ్యమధ్య లేచి, వేలితో రాసి, మెరుపు చూసి, మురిసిపోయి మళ్లీ గోళీల దగ్గరికి. ఎండిన పళ్లెం మీద పొడి నిలవదనీ, అదంతా ఎగిరి పక్కనున్న తడి తివాచీ మీద కుదురుగా కూర్చుంటుందనీ తట్టలేదు. సాయంత్రం అమ్మ పైకొచ్చేసరికి ఎరుపు కాస్తా మాడిన వంకాయ రంగైంది.

"పళ్లెం తడపలేదేట్రా?" అంది, అంతే. మరో రెండుసార్లు ఉతికినా వదల్లేదు. ఆ దసరాకి అమ్మవారు పక్కింటివాళ్ల దుప్పటి మీద కొలువుతీరింది. హారతికి అమ్మ వెనక వరసలో నిలబడింది.

అమ్మ మళ్లీ ఎప్పుడూ అనని ఆ మాటని బావ దత్తత తీసుకున్నాడు. ఏ పెళ్లిలో కనిపించినా, చివరికి నా పెళ్లి పీటల దగ్గర కూడా, పలకరింపు అదే: "ఏటి బావా, పళ్లెం తడిపినావా?"

ఆ బావ ఇప్పుడు కూర్మన్నపాలెంలో, డాబాకి తాళం వేసే అపార్ట్‌మెంటులో ఉంటున్నాడు. అందుకే కిందటి నెల తన పాలరంగు తివాచీ తెచ్చి మా డాబా మీద ఉతికి పరిచి, పిట్టగోడ మీద పళ్లెం పెట్టాడు. నేను పైకెళ్లేసరికి నీడలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. తీగ మీది నా లుంగీ ఎగిరే తీరు చూస్తే గాలి ఓడల వైపు నుంచే వస్తోంది.

"వడ్లు ఎండేసినోళ్లం, నాకు సెప్పాలేటి? పళ్లెం సూడు, అద్దంలాగుంది," అన్నాడు.

చూశాను. ఎండి మెరుస్తోంది. పక్కన కూర్చుని, రెండు గుక్కల్లో తాగే కాఫీని ఆ రోజు చల్లారాక కూడా ఊదుకుంటూ తాగాను. కుళాయి దగ్గర గ్లాసు కడిగాను. దాంతోనే నీళ్లు తెచ్చి పళ్లెంలో చిలకరించి, కాసేపాగి, బావ వేలు పట్టుకుని రాయించాను. వేలు నల్లగా వచ్చింది.

"ఏటి బావా, పళ్లెం తడిపినావా?"

ఇద్దరం కలిసి గబగబా మడిచాం. ఒక మూల మాత్రం అరచేయంత మసక మిగిలింది.

కుంకుడు పులుసు పోయింది, పందిట్లోకి అద్దె తివాచీలొచ్చాయి, ఎర్ర తివాచీ నాన్న సైకిలు మీద కప్పుగా చిరిగిపోయింది, వేలితో రాసి చూసే అమ్మా లేదు. బావ ఆ మసక మూల మీద సోఫా కాలు పెట్టుకున్నాడట. మొన్న ఒక పెళ్లిలో కనిపించి, భోంచేశావా అని మాత్రం అడిగాడు.