జపాల చెంచా చక్కెర మానిన కథ

మా పేటలో ఎవరైనా పోతే మొదట కబురు వెళ్లేది ఫాదర్ గారికి కాదు, క్రెసెన్సియాకి. అందరూ ఆమెను చెంచా అంటారు. నేను వచ్చి స్థిరపడ్డ ఈ ఒహాకా లోయలో ఆ పేరున్న ఆడవాళ్లందరికీ అదే ముద్దుపేరు. తెలుగులో ఆ మాటకు అర్థమేమిటో నేనొకసారి చెబితే ఆమె ఏమీ అనుకోలేదు. తిండికి పనికొచ్చేదే కదా, పోనీలే అంది.

చెంచా పని జపాలు నడిపించడం. మనిషిని పాతిపెట్టిన రోజు నుంచి తొమ్మిది సాయంత్రాలు ఆ ఇంటికి వెళ్లి, పటం ముందు మోకరించి, జపమాల తిప్పుతూ అందరిచేతా చెప్పించాలి. ఆమె గొంతు ఎత్తితే వీధి చివర కుక్కలు కూడా నోరు మూసుకునేవి. డబ్బు పుచ్చుకోదు. జపం అయ్యాక పెద్ద గిన్నెడు చాక్లెట్టు, గుడ్డుసొన పోసి కాల్చిన తీపి బన్నులు రెండు, ఇంటికి పట్టుకెళ్లడానికి ఇంకో నాలుగు. ముప్పై ఏళ్లుగా అదే ఆమె సంభావన. ఎవరింట్లో చాక్లెట్టు పలచగా కాచారో, ఎవరింట్లో నిన్నటి బన్ను పెట్టారో ఆమెకు పోయినవాళ్ల పేర్లకన్నా బాగా గుర్తుండేది.

అరవై ఒకటో ఏట మోకాలి నొప్పికి మందు కోసం ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. అక్కడి డాక్టరు ఇతాందెవీ చిన్నపిల్ల. మోకాలు చూసి ఊరుకోకుండా రక్తం కూడా తీయించింది. పరగడుపున చూస్తే చక్కెర నూటపద్దెనిమిది.

"ఇది ఇంకా జబ్బు కాదమ్మా. గుమ్మం దాకా వచ్చి నిలబడింది. లోపలికి రానిస్తారో, వెనక్కి పంపిస్తారో చాలావరకు మీ చేతిలోనే ఉంది" అంది డాక్టరు.

కూల్‌డ్రింకు పూర్తిగా మానాలి, తీపి బన్ను ఆదివారం ఒక్కటే, పూటకు మొక్కజొన్న రొట్టెలు రెండే, ఇక్కడ కూరకు వాడే నాగజెముడు ఆకులూ చిక్కుడు గింజలూ బాగా తినాలి, రోజూ అరగంట నడవాలి. చెంచా అంతా విని, "నేను తీపి మానాలంటే ఈ ఊళ్లో జనం చావడం మానాలి డాక్టరమ్మా" అంది.

వేళాకోళం చేసిందే గాని, ఆ రాత్రి ఆమెకు భోజనం సహించలేదు. వాళ్లమ్మకు ఇదే చక్కెరతో ముందు ఎడమ పాదం తీసేశారు, రెండేళ్లకు కుడి పాదమూ పోయింది. పన్నెండేళ్ల చెంచా తల్లిని వీపున మోసుకుని పెరట్లోకి తీసుకెళ్లేది. తెల్లవారగానే ఇంట్లో ఉన్న కూల్‌డ్రింకు సీసాలన్నీ పెరట్లో పారబోసింది. తర్వాత వారం రోజులు ఆ పెరట్లో కాలు పెట్టనివ్వని చీమలు.

ఇంట్లో మానడం అంత కష్టం కాలేదు. అసలు చిక్కు తాపీమేస్త్రీ విల్ఫ్రీదో తల్లి మకారియా పోయినప్పుడు వచ్చింది. తొంభై మూడేళ్ల మనిషి. పెద్ద చావు కాబట్టి పెద్ద బన్నులు. వాటిని కాల్చేది ఓబ్దూలియా. చెంచా ఆమె కూతురికి చర్చిలో జ్ఞానస్నానమప్పుడు జ్ఞానతల్లిగా నిలబడింది, అందువల్ల ఇద్దరికీ వదినా వదినా అని పిలుపు.

మొదటి సాయంత్రం కడుపు బాగోలేదని చెప్పి తప్పించుకుంది. విల్ఫ్రీదో మొహం మాడ్చుకున్నాడు. చావింట్లో పెట్టింది వద్దంటే పోయినవాళ్లను వద్దన్నట్టే. రెండో సాయంత్రం బన్నులు తీసుకుని, ఎవరూ చూడకుండా శాలువా మడతలో దోపుకుంది. బాగానే గడిచింది. మూడో సాయంత్రం ధైర్యం పెరిగి, తన వంతుగా తీసిపెట్టిన రెండూ జపానికి ముందే దోపేసుకుంది. జపం చివర పునీతులందర్నీ, అంటే సెయింట్లను, పేరుపేరునా పిలిచే వరస మధ్యలో మోకాళ్లమీంచి లేవబోయేసరికి ఒక బన్ను జారి, పూలమీదుగా దొర్లుకుంటూ పోయి మకారియా పటానికి ఆనుకుని ఆగింది. రెండోది నేల తాకకముందే ఆ ఇంటి కుక్క అందుకుని బయటికి పరిగెత్తింది.

తన చేత్తో కాల్చిన బన్ను కుక్క నోట్లో పోవడాన్ని ఓబ్దూలియా గుడ్లప్పగించి చూసింది.

ముప్పై ఏళ్లలో ఎన్నడూ పోయినవాళ్ల పేరున అబద్ధం ఆడని చెంచా అప్పుడు ఆడింది. మకారియా కలలో కనబడి, తన పేరున తీపి పంచొద్దని చెప్పిందట. జనం గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నారు. ఒక్క కోడలు, విల్ఫ్రీదో భార్య హెర్త్రూదిస్ మాత్రం అనుమానంగా చూసింది. ఆ ముసలావిడ చచ్చేరోజు పొద్దున కూడా రెండు బన్నులు చాక్లెట్టులో ముంచుకు తింది మరి.

నాలుగో రోజు నుంచి ఆ ఇంట్లో బన్నులు ఆగిపోయాయి. చెంచా ఊపిరి పీల్చుకుంది, కాని ఎక్కువసేపు కాదు. హెర్త్రూదిస్ ఆమెను వంటింట్లోకి లాక్కెళ్లింది. "మళ్లీ కలలోకొస్తే ఒక్క మాట అడుగు పిన్నీ. మోలె పులుసులో ఎండుమిరపకాయలు ఎన్ని రకాలేసేదో. ఇరవై ఏళ్లు కాపరం చేశాను, నన్ను వంటింట్లోంచి పంపేసిగాని నూరేది కాదు మహాతల్లి." తెల్లారేసరికి చెంచా ఇంటిముందు మరో నలుగురు. ఒకామెకు పోయిన మొగుడు తనను క్షమించాడో లేదో కావాలి. ఇంకొకాయనకు తప్పిపోయిన గాడిద ఎటు పోయిందో కావాలి.

ఓబ్దూలియా మాట్లాడటమే మానేసింది. పోయినావిడే తీపి వద్దందన్న మాట పేటంతా పాకి, వేరే రెండిళ్లవాళ్లు కూడా బన్నులు వద్దని కబురు పంపారు. ఎదురుపడితే చెంచాను కాదు, ఆమె పక్కనున్న గోడను పలకరించి పోయేది.

ఏడో సాయంత్రం జపం మొదలుపెట్టకుండా చెంచా అందరివైపూ తిరిగి కూర్చుంది.

"మకారియమ్మ నా కలలోకి రాలేదు. వచ్చుంటే ముందు బన్నే అడిగేది. నాకు చక్కెర వస్తోందని డాక్టరమ్మ చెప్పింది. నూటపద్దెనిమిది. మా అమ్మ కాళ్లు ఎట్లా పోయాయో మీలో పెద్దవాళ్లకు తెలుసు. నాకు భయమేసింది. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, చచ్చిపోయిన మనిషి మీదకు తోసేశాను" అంది.

విల్ఫ్రీదో గొంతు సవరించుకున్నాడు. తిట్టిపోస్తాడనుకున్నాం.

"నాకు నూటతొంభై" అన్నాడు. "రెండేళ్లయింది. మాత్రలు పనిముట్ల సంచిలో దాస్తున్నా."

హెర్త్రూదిస్ మొగుడివైపు చూసిన చూపు ఎవరూ చూడలేక తలలు వంచుకున్నారు. అంతలో వెనకనుంచి ఒక ముసలాయన నూటముప్పై రెండు అన్నాడు. తలుపు దగ్గరున్నామె రెండువందల పది అంది, ఏదో గెలిచినట్టు. జపంలో ఒకరంటే ఇంకొకరు అందుకున్నట్టే అంకెలు అందుకున్నారు. చివరికి ఓబ్దూలియా, ఎటో చూస్తూ, నూటనలభై అంది. పొయ్యి దగ్గర రుచి చూడకుండా బన్నులెలా కాలుస్తామని ఎవరూ అడక్కుండానే దబాయించింది. ఆ రోజు జపం ఆలస్యంగా మొదలైంది గాని, అంత గట్టిగా ఆ ఇల్లు ఎప్పుడూ చెప్పలేదు. గాడిద కోసం వచ్చినాయన మాత్రం నిరాశతో మధ్యలోనే వెళ్లిపోయాడు.

తొమ్మిదో సాయంత్రం చక్కెర లేకుండా, దాల్చినచెక్కా బాదమూ నూరి కాచిన చాక్లెట్టు పోశారు. మొదటి గుక్కకు అందరి మొహాలూ ఒకేలా వంకర్లు పోయాయి. రెండోసారి కూడా పోయించుకున్నవాళ్లు లేకపోలేదు. వేయించిన గుమ్మడి గింజలు, నిమ్మరసమూ కారమూ చల్లిన దోసముక్కలు వచ్చాయి. ఓబ్దూలియా ఒక పళ్లెం తెచ్చి చెంచా ముందు దభీమని పెట్టింది. అందులో బొటనవేలంత బన్నులు.

"నీ మొహానికి ఇది చాలు వదినా" అంది.

చెంచా ఒకటి తీసుకుని అందరూ చూస్తుండగా నాలుగు ముక్కలుగా కొరికి తింది. చిన్నవి కదా అని మిగతావాళ్లు తలా అయిదు తిన్నారు. అది వేరే సంగతి.

ఇప్పుడు జపాలకు చెంచా ఆటో ఎక్కదు, నడిచే వెళుతుంది. ఆటో అతను ఆమెకు ఏదో మొక్కుబడి ఉందనుకుంటున్నాడు. ఆర్నెల్లకు నాలుగు కిలోలు తగ్గింది. చక్కెర నూటమూడుకు దిగింది. ఇంకా గుమ్మం దిగి పోలేదు, వీధిలోకైతే చూస్తోంది అంది డాక్టరు. ఆదివారం బన్ను ఒక్కటేనా అని అడిగితే చెంచా కిటికీలోంచి బయటికి చూసింది.

ఓబ్దూలియా కూడా పొద్దున్నే ఆమెతో గుట్టమీదకు నడుస్తోంది. ఇద్దరి దగ్గరా గడియారం లేదు. ఒక జపమాల పూర్తయి, పునీతుల పేర్లన్నీ చెబితే అరగంట అని చెంచా లెక్క. నిన్న నేను పాలకు వెళుతుంటే ఎదురయ్యారు. ఓబ్దూలియా నడుం పట్టుకుని ఆయాసపడుతోంది.

"పునీతులు ఇంకా ఎంతమందున్నారు వదినా?" అంటోంది.

"ఇప్పుడేగా అపొస్తలులు అయ్యారు. నడు" అంది చెంచా.