లాంపు రూంలో నేను రాయని కమాండ్

దెయ్యం కనిపించిందని ఎవరైనా అంటే, ఏ టైముకి, ఎంత దూరంలో, వెలుతురు ఎంత ఉంది అని అడిగేవాణ్ణి. అప్పటికే సగం మంది నోరు మూసుకునేవారు. మిగతా సగాన్ని నేను నవ్వి మూయించేవాణ్ణి. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. భయంతో కాదు, సిగ్గుతో.

మా నాన్న ఉద్యోగం మీద గుంటూరు వైపు నుంచి గోదావరిఖని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను ఒక చిన్న ప్రైవేటు సంస్థలో సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి. ఇక్కడి ఒక గనిలో లాంపు రూం కంప్యూటర్ని, హాజరు మిషన్‌ని, ఆఫీసు సర్వర్‌ని కలిపే పని మాకొచ్చింది. ఒకదాని భాష ఒకదానికి తెలియని మిషన్ల మధ్య దుబాసీలాంటి ప్రోగ్రాం అన్నమాట.

గనిలోకి దిగే ప్రతి మనిషీ లాంపు రూంలో తన నంబరున్న టోపీ దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక తిరిగిస్తాడు. ఇవ్వని దీపం ఉందంటే, ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. ఆ జాబితాను మా ప్రోగ్రాం చూసుకునేది.

అలాంటి ప్రోగ్రాంలో ఒక సౌకర్యం ఉంటుంది. ఏదైనా సందేశం రాగానే అదే కంప్యూటర్‌కి నేరుగా కమాండ్ ఇవ్వగలదు, మనిషి కూర్చుని టైప్ చేసినట్టే. షిఫ్టు ముగిశాక పాత జాబితాను తుడిచేయడానికి నేను దాన్ని వాడాను. లాంపు రూంలో జాబితాకు ఏ పేరు కొడితే ఆ పేరును చూసుకోకుండా కమాండ్‌లో పెట్టేశాను. పేరు మధ్యలో ఖాళీ వస్తే కమాండ్ దాన్ని రెండు పేర్లుగా చదువుతుంది. 'సౌత్-పాతది' అని కొడితే పాత జాబితా పోతుంది. అడ్డగీత బదులు ఖాళీ పెడితే 'సౌత్' పోతుంది. అంటే గనిలో సౌత్ వైపు ఇంకా కింద ఉన్నవాళ్ల జాబితా. ఇది మొదటి సంవత్సరం విద్యార్థి కూడా చేయకూడని తప్పు.

లాంపు రూంలో ఖాదర్ చాచా ఉండేవాడు. కాంట్రాక్టు మనిషి, అరవైకి దగ్గర. రెండు వేళ్లతో టైప్ చేసేవాడు. లాంప్ అన్న ఇంగ్లిష్ మాటను ఎప్పుడూ 'లెంప్' అనే కొట్టేవాడు. ఎన్నిసార్లు సరిచేసినా, "నోటికొచ్చినట్టే చెయ్యికొస్తది బేటా" అని నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు ఆయన అడ్డగీత మరిచి ఖాళీ పెట్టాడు. తెర మీద జాబితా మాయమైంది. అందరూ పైకొచ్చేశారనుకుని మనుషుల్ని మోసే కుర్చీల బెల్టు ఆపేశారు. చాచా ఒక్కడే గోడ వైపు చూసి, రెండు దీపాల గూళ్లు ఖాళీగా ఉన్నాయని కేకలు వేశాడు. వెళ్లి చూస్తే ఇద్దరు కింది నుంచి ఏటవాలు దారిలో నడిచి వస్తున్నారు. ఒకాయన అప్పటికే జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

విచారణలో అధికారి నన్ను అడిగాడు: "ఎవరైనా చేత్తో డిలీట్ నొక్కితే ఇలా జరగొచ్చా?"

"జరగొచ్చు సార్," అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా అనగలిగాను.

చాచాను పనిలోంచి తీసేశారు. ఆ ఇద్దరినీ కాపాడింది ఆయనేనన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన గేటు దగ్గర నాకోసం నిలబడ్డాడు. "నేనేం నొక్కలే బేటా. నీకైతే ఎరుకే గద. ఒక్కమాట చెప్పరాదు?" అన్నాడు. చూస్తాను చాచా అన్నాను. కొన్ని నెలలకు గుండెపోటుతో దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. జనాజా ఇంటి నుంచి బయల్దేరినప్పుడు నేను ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను.

ఇంకా సిగ్గుపడాల్సింది ఒకటుంది. ఆ తప్పును నేను సరిచేయలేదు. సరిచేస్తే ఎందుకు మార్చానో రాయాలి. రాస్తే తప్పు ఎవరిదో తెలిసిపోతుంది. లాంపు రూంకి కొత్తగా వచ్చిన స్వరూపకు మాత్రం, పేరులో ఖాళీ పెట్టొద్దమ్మా అని చెప్పి ఊరుకున్నాను.

ఆ మరుసటి ఎండాకాలం ఒక పగలు, మూడు దాటింది. నేను సర్వర్ గదిలో ఉన్నాను. వచ్చే సందేశాలు తెర మీద కదులుతున్నాయి. స్వరూప పంపిన పేరు వచ్చింది. మధ్యలో ఖాళీ ఉంది. ఆపాలని చెయ్యి చాచాను, కానీ అది మనిషి ఆపగలిగినంత నెమ్మదిగా జరిగే పని కాదు.

జాబితా పోలేదు.

ప్రోగ్రాం తను ఇచ్చే ప్రతి కమాండ్‌నూ ఒక దస్త్రంలో రాసుకుంటుంది. తెరిచి చూశాను. తుడిచేసే కమాండ్ ఉండాల్సిన చోట అది లేదు. వేరొకటి ఉంది. కింద ఉన్నవాళ్ల జాబితాను విడిగా దాచి, లాంపు రూం ప్రింటర్‌కు పంపమని. దాచిన దస్త్రం పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో 'లెంప్'.

ఆ కమాండ్ నేను రాయలేదు. ప్రోగ్రాం మొత్తం వెతికాను, ఎక్కడా ఆ వరుస లేదు, ఆ పేరూ లేదు. ఆ సర్వర్‌కు బయటి నెట్ లేదు. పాస్‌వర్డ్ నా ఒక్కడికే తెలుసు. గది తాళం నా జేబులో ఉంది.

అంతలో స్వరూప ఫోన్ చేసింది. "సార్, ఈ కాయితం మీరే పంపిండ్రా? ముగ్గురి పేర్లున్నయి. నేను అందరొచ్చిండ్రనుకొని బంద్ చేసిన. మళ్ల బెల్టు నడిపిస్తున్నరు."

"అవును, నేనే," అన్నాను.

ఎందుకలా అన్నానో అడగొద్దు. ముగ్గురూ క్షేమంగా పైకొచ్చారు. సాయంత్రం అధికారి అందరి ముందు నా భుజం తట్టాడు.  చాచా నాకోసం నిలబడ్డ గేటు వైపు వెళ్లలేక, వెనక దారిన ఇంటికెళ్లాను.

మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు అన్నీ కాగితం మీద రాసి ఇచ్చాను. తప్పు నాదని, చాచా దోషం ఏమీ లేదని, రెండోసారి కాగితం పంపింది కూడా నేను కాదని. మా సంస్థ నన్ను తీసేసింది. ఖాదర్ మీద పడ్డ మాట తప్పని గని ఆఫీసు ఒక ఉత్తరం ఇచ్చింది. దాన్ని నేనే తీసుకెళ్తానన్నాను.

చాచా భార్య, చాచీకి ఉర్దూ చదవడం వచ్చు గానీ తెలుగు చదవడం రాదు. గడపలో కూర్చుని, "నువ్వే సదువు," అంది. నా పేరు, నా తప్పు, నేను దాచిన సంగతి, అన్నీ ఆమె ఎదుట బిగ్గరగా చదివాను. "ఇంకోపాలి," అంది. మళ్లీ చదివాను. పక్కింటివాళ్లు వచ్చి నిలబడ్డారు.

తర్వాత, కొంచెం ఊరట దొరుకుతుందనుకున్నానేమో, ఆ కమాండ్ సంగతి చెప్పాను. ఆ స్పెల్లింగ్ ఆయనదేనని, ఆయనే వచ్చి ఆ ముగ్గుర్ని కాపాడాడని నాకనిపిస్తోందని.

చాచీ గడపలోంచి లేచింది.

"అప్పుడు గా తప్పు ఆయన మీద పెడ్తివి. ఇప్పుడు నువ్వు జెయ్యాల్సిన పని గూడ ఆయన మీదనే పెడ్తున్నవా?" అంది. ఉత్తరం తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ దస్త్రం నకలు నా దగ్గరుంది. నాకన్నా పెద్ద అనుభవం ఉన్న ఇద్దరికి చూపించాను. ఎప్పుడో పరీక్ష కోసం నువ్వే రాసి మర్చిపోయుంటావని ఒకాయన అన్నాడు. రెండో ఆయన రెండు రోజులు చూసి తిరిగిచ్చాడు. మొదటాయన మాటే నిజమైతే బాగుండునని నేను ఎంతగానో వెతికాను. దొరకలేదు. ఆ వరుసను ఎవరు రాశారో ఈ రోజుకీ నాకు తెలియదు.