సక్రి చేతికి తెలిసినంత

చండ్రుగొండ దాటి అడవిలోకి ఆరు మైళ్లు పోతే వచ్చే ఆ తండాలో, ముప్పై ఏళ్లలోపు వాళ్లంతా దాదాపుగా మంత్రసాని సక్రి చేతుల్లో భూమ్మీద పడ్డవాళ్లే. ఆ మాట ఎవరైనా ముఖమ్మీద అంటే మాత్రం, "నాదేముంది, నాకేం తెల్సు" అని పక్కకు తప్పుకునేది. ప్రార్థన మందిరంలోనూ అంతే. ఊడ్చేది తనే, చాపలు పరిచేది తనే, కూర్చునేది మాత్రం గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన. సక్రి అంత సాత్వికురాలు లేదని సంఘమంతా మెచ్చుకునేది. మెచ్చుకోవడానికి ఖర్చేముంది?

ఆ మెప్పు ఆమెకు ముల్లులా గుచ్చుకుంటుందని ఎవరికీ తెలియదు. నాలుగేళ్ల కిందట ఎదురింటి భద్రు భార్యకు నొప్పులు వచ్చినప్పుడు, సక్రి చేతులకు ఆముదం రాసుకుని కడుపు తడిమింది. బిడ్డ అడ్డంగా ఉంది. అప్పటి నర్సు, "అంతా బాగానే ఉంది, ఆగుదాం" అంది. చదువుకున్న మనిషికి ఎదురు చెప్పడమేమిటని సక్రి నోరు మూసుకుంది. అదే అణకువ అనుకుంది. సాయంత్రానికి తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. నర్సు బదిలీ మీద వెళ్లిపోయింది. సక్రి ఎక్కడికి పోతుంది? పొద్దున లేచి తలుపు తీస్తే భద్రు ఇల్లే కనిపిస్తుంది.

2006 వేసవిలో ఒక ఆదివారం. పాస్టరు ఉదయ్ భాస్కర్‌ది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. ఆయన బైబిలు కాలేజీలో నాలుగు హెబ్రీ ముక్కలు నేర్చుకున్నాడు. వాటిని ఎక్కడో ఒకచోట వాడకపోతే ఆయనకు అన్నం సయించదు. ఆరోజు 'అనావా' అనే మాట ఎత్తుకున్నాడు. లేఖనంలో వినయానికి ఉన్న మాట అది. వినేవాళ్లలో సగం మంది కునికిపాట్లు పడుతున్నారు. వారమంతా తునికాకు కోసిన ఒళ్లు, వాళ్లను అని ఏం లాభం? సక్రి ఒక్కతే చెవి ఒగ్గి వింది. అందరూ వెళ్లాక చాప చుడుతూ అడిగింది.

"అయ్యగారూ, గా మాటంటే నోరు మూసుకొని ఉండుడే గదా?"

"కాదమ్మా. వంగడం అనే అర్థం దాన్లో ఉంది, నిజమే. కానీ వంగేది దేవుడి ముందు. మోషే లోకంలో అందరికన్నా సాత్వికుడని చెప్పింది దానికి చుట్టమైన మాటతోనే. ఆ మోషేనే రాజు ఎదుట నిలబడి మా జనాన్ని వదిలిపెట్టమన్నాడు. నోరు మూసుకున్నాడా మరి?"

"గట్లయితే ఏందయ్యా అర్థం?"

"దేవుడు నీకు ఎంత ఇచ్చాడో అంతే. ఎక్కువ చేసి చెప్పుకోకూడదు, తక్కువ చేసి దాచుకోకూడదు. నాకు అర్థమైంది ఇదీ."

సక్రి చాప వదిలేసి నేలమీద కూర్చుండిపోయింది. నాలుగేళ్లుగా రాని ఏడుపు వచ్చింది. "నేను దాచిన అయ్యగారూ," అంది. పాస్టరుకు ఏమీ అర్థం కాలేదు. అయినా గుచ్చి గుచ్చి అడగలేదు, అది ఆయన చేసిన మంచి పని.

మూడోరోజు పొద్దున హాతీరాం భార్య యశోదకు నొప్పులు మొదలయ్యాయి. తొలికాన్పు. కొత్త నర్సు నాగలక్ష్మి పరుగున వచ్చింది. మంచి పిల్ల, పని నేర్చి ఏడాది. నర్సు వచ్చిందంటే మంత్రసాని వెనక కూర్చుని భుజాలు పట్టుకోవడమే ఇప్పటి పద్ధతి. కానీ సక్రి చేయి ఊరుకోలేదు, కడుపు మీదికి పోయింది. కింద తల ఉండాల్సిన చోట ఏమీ తగల్లేదు. కుడి పక్కన గట్టిగా, గుండ్రంగా తగిలింది.

"బిడ్డ గుండె మంచిగనే కొట్టుకుంటుందవ్వా. ఇంకా టైముంది, ఆగుదాం," అంది నాగలక్ష్మి.

సక్రి తన చేయి అక్కడి నుంచి తీయలేదు. తాను పొరబడితే? పెద్ద దవాఖానాకు పోయాక మామూలు కాన్పే అయితే, ముసలిదానికి పెత్తనం కావాల్సి వచ్చిందని తండా నవ్విపోదూ? యశోద ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నర్సమ్మా, బిడ్డ అడ్డం తిరిగి ఉంది."

"నేను చూసిన గదా అవ్వా."

"నువ్ చూసినవ్, నేను గూడ చూసిన. ముప్పై ఏండ్ల సంది చూస్తున్న. నీ చెయ్యి గీడ పెట్టు." నాగలక్ష్మి చేయి తీసుకుని తానే అక్కడ పెట్టింది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

గుమ్మం బయట నిలబడ్డ హాతీరాంకు సంగతి తెలియగానే, "అవ్వా, నీది మంచి చెయ్యి. నువ్వే తిప్పరాదూ? గంత దూరం పోవుడెందుకు?" అని బతిమాలాడు. నర్సు కూడా ఆశగా చూసింది. కడుపులో బిడ్డను అలా తిప్పడం తన అత్త చేస్తుంటే సక్రి చూసిందే గానీ తానెన్నడూ చేయలేదు. ఇంతమంది ఇంత నమ్మకంగా చూస్తుంటే కాదనడం, ఇందాక నర్సుకు ఎదురు చెప్పిన దానికన్నా కష్టమైంది.

"నాకు రాదు బిడ్డా. జల్దీ పోయి జీపు తీస్కరా."

తునికాకు ఆరబెట్టే కల్లం దగ్గరున్న జీపులోంచి బస్తాలు దింపేసి యశోదను ఎక్కించారు, నర్సూ సక్రీ కూడా ఎక్కారు. కొత్తగూడెం పెద్ద దవాఖానాకు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. లోపలికి తీసుకుపోయి ఆపరేషన్ చేశారు. రెండు గంటల తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చి, తల్లీ కూతురూ క్షేమమని చెప్పింది.

"ఇంకో గంట ఆగి ఉంటే ఇద్దరూ దక్కేవాళ్లు కాదు. అడ్డంగా ఉందని ఎవరు కనిపెట్టారు?" అని డాక్టరమ్మ నాగలక్ష్మిని అడిగింది.

"నేనే," అంది సక్రి. "తిప్పుడు నాకు రాదు. గందుకే తీస్కొచ్చిన."